కొండ మీద ఖాజా కట్టిన ఇల్లు

మొన్నొక ఆదివారం పొద్దున్నే మా వీధి చివరి అపార్ట్‌మెంట్ నుంచి భార్యాభర్తలిద్దరు మా ఇంటికొచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. కాలనీలో కొండలెక్కే క్లబ్బొకటి పెట్టారట, దానికి వాళ్ళే పెద్దలట. కాళ్ళకి చీలమండలు దాటిన బూట్లు, చేతుల్లో మడతపడే కర్రలు, మణికట్లకి అడుగులు లెక్కపెట్టే గడియారాలు. మా గేటు నుంచి వరండా దాకా రావడానికి ఇంత సరంజామా ఎందుకో నాకర్థం కాలేదు. "అంకుల్, మీరు స్కాట్లండ్‌లో రిడ్జ్ వాక్ చేశారటగా! ఈ సమ్మర్‌లో మా క్లబ్ వెళ్తోంది. కొంచెం టిప్స్ ఇస్తారని వచ్చాం" అన్నాడు అతను. ఫోన్లో ఫొటో చూపించాడు. రెండు పక్కలా జారిపోయే పొడవాటి కొండ వెన్ను, దాని మీద సన్నటి కాలిబాట, ఎక్కడో కింద నల్లటి నీళ్ళు. ఆ కొండ పేరులో సగం అక్షరాలు రాసుకోవడానికే తప్ప పలకడానికి కావు. వాళ్ళు కష్టపడి అన్నిటినీ పలికారు. నేను సరిదిద్దలేదు.

"ముఖ్యంగా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అంకుల్?" అని ఆ అమ్మాయి అడిగింది. పక్కన నడిచే మనిషెవరో చూసుకుంటే చాలన్నాను. ఆమె ఎంతో ధీమాగా నవ్వింది. "ఆ ప్రాబ్లమే లేదంకుల్. మా గ్రూప్‌లో అందరూ మన టైపు వాళ్ళే. అందరూ వెజ్. మేం ముందే చూసుకుంటాం" అంది. కాఫీ ఇచ్చి పంపించేశాను. టిప్స్ ఇవ్వలేదు. నేను ఆ కొండ ఎక్కింది ఖాజాతో. వాళ్ళ లెక్క ప్రకారం ఖాజా గేటు దగ్గరే ఆగిపోయేవాడు. మా లెక్క ప్రకారం కూడా అక్కడే ఆగిపోయాడని ఆ అమ్మాయికి తెలియదు.

ఆ రోజుల్లో సికింద్రాబాద్ మొత్తానికి కంప్యూటర్ పూనింది. కెమిస్ట్రీ చదివినవాడూ, బీమా పాలసీలు అమ్మినవాడూ, అన్న షాపులో బట్టలు కొలిచినవాడూ అమీర్‌పేట వెళ్ళి నాలుగు నెలలు కూర్చుని ప్రోగ్రామర్లయి బయటికొచ్చేవారు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు కాబట్టి, శతాబ్దం మారితే లోకం ఆగిపోతుందని అందరూ హడలిపోతున్న కాలమది. మేం చేసిందల్లా ఆ రెండంకెల్ని నాలుగంకెలు చెయ్యడం. ఆపాటి పనికే మమ్మల్ని మేధావులన్నారు. మేమూ నమ్మేశాం. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కులం, గోత్రం తర్వాత "ఆన్‌సైటా, ఆఫ్‌షోరా?" అని అడిగేవారు. ఆన్‌సైట్ అంటే విమానమెక్కి తెల్లవాళ్ళ ఆఫీసుకెళ్ళి అక్కడ కూర్చుని అవే అంకెలు దిద్దడం. నన్నూ అలాగే ఒక చలిపట్నానికి పంపించారు, అప్పలనాయుడనే నా పేరుని అక్కడివాళ్ళెవరూ పూర్తిగా పలకలేకపోయారు. మా అమ్మ మాత్రం మోండా మార్కెట్‌లో కూరలు బేరమాడేటప్పుడు కూడా కొడుకు ఎక్కడున్నాడో చెప్పాకే వంకాయ రేటు అడిగేది. పైగా రేటు పెంచేశారని వాళ్ళనే తిట్టేది.

మాది విజయనగరం వైపు. నాన్నకి రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికి సికింద్రాబాద్ వచ్చాం. నా చిన్నతనమంతా రాంగోపాల్‌పేట్ అద్దె వాటాల్లో గడిచింది. ఆ వాటాల గురించి ఈనాటికీ నాకు గుర్తున్నది వాసన ఒక్కటే. ఊర్నుంచి మా పిన్ని ఎండు నెత్తళ్ళు పంపేది. అంత చిన్న చేపలు అంత పెద్ద వాసన ఎలా వేస్తాయో తెలీదు. పైన ఉండే ఓనరమ్మ శాకాహారి, ఆవిడ ముక్కు మాత్రం పోలీసు ముక్కు. అందుకని ఆవిడ గుడికెళ్ళే సాయంత్రం దాకా అమ్మ కాచుకునేది. ఆవిడ చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరగ్గానే కిటికీలు మూసి, తలుపు కింద తడిగుడ్డ కుక్కి, నెత్తళ్ళు వేయించేది. వెంటనే సాంబ్రాణి వేసేది. నిప్పుల మీద ఇంత చింతపండు పులుసు పోసేది. పొగకి మేం దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ తినేవాళ్ళం. అయినా ఓనరమ్మ తిరిగొచ్చి మెట్ల మీద నిలబడి, గాలిని మూడుసార్లు లోపలికి లాక్కుని, "ఏందమ్మా, ఏదో వాసనొస్తుంది?" అనేది. "మా ఇంట్లో కాదండీ" అని అమ్మ అనేది. ఆ మాట అనేటప్పుడు అమ్మ మొహం చూడలేకపోయేవాణ్ణి.

ఆ ముక్కుల వల్లే మేం ఇళ్ళు మారుతూ వచ్చాం. "నాకంటూ ఒక కొంపుంటే ఈది గుమ్మంలో పొయ్యెట్టి ఏపుతాను నెత్తళ్ళు. ఎవుడొస్తాడో సూస్తాను" అనేది అమ్మ. ఊరెళ్ళినప్పుడల్లా సింహాచలం తీసుకెళ్ళమనేది. మా వైపు ఇల్లు లేనివాళ్ళు ఆ కొండ మీద రాయి మీద రాయి పేర్చి బొమ్మ ఇల్లు కడతారు. అలా కడితే దేవుడు చూసి అసలుది ఇస్తాడని నమ్మకం. అమ్మ మిగతావాళ్ళలా రెండు రాళ్ళతో ఊరుకునేది కాదు, చివర చదును రాయొకటి వెతికి తెచ్చి మేడ కూడా వేసేది. దేవుడితో వ్యవహారంలో కూడా ముందుచూపు ఉండాలనేది. చివరికి నాన్న ఆఫీసు వాళ్ళ సొసైటీలో సైనిక్‌పురి పక్కన స్థలం వచ్చింది, ఇల్లు లేచింది. నేను విమానం ఎక్కేనాటికి మేడకి సున్నాలు వేస్తున్నారు. నాన్న పీఎఫ్, నా జీతం, ఇద్దరి అప్పులూ కలిస్తే లేచిన ఇల్లది, అమ్మ మాత్రం ఆ కొండ రాళ్ళకే దణ్ణం పెట్టింది.

ఖాజా మా టీమువాడే, నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. మోండా మార్కెట్ వెనక సందులో వాళ్ళకి పరుపుల దుకాణం ఉండేది. ముందు గదిలో దూది ఏకడం, పరుపులు కుట్టడం, వెనక గదిలో కాపురం. తండ్రి పోయాక పనివాళ్ళని పెట్టుకుని తల్లే నడిపేది. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే. ఆ గదిలో ఎటు చూసినా దూది నూగు ఎగురుతూ ఉండేది, అన్నం మీద కూడా వాలేది. ఖాజా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకొచ్చినా చెవి వెనక ఒక పీచు కనిపించేది. తల్లికి ఆయాసం. దూదికి దూరంగా, గాలొచ్చే ఇంట్లో పెట్టకపోతే ఎన్నాళ్ళో చెప్పలేనని డాక్టరు చెప్పేశాడు. అప్పట్నుంచి ఖాజా ఇళ్ళ కోసం తిరిగాడు. జీతం చూస్తే ఓనర్లకి సంతోషం, మాట వింటే సంతోషం, మనిషిని చూస్తే సంతోషం. చివర్న పేరడిగేవారు. పేరు వినగానే వాళ్ళ అల్లుడు హఠాత్తుగా బదిలీ అయి వచ్చేసేవాడు. సికింద్రాబాద్‌లో అంతమంది అల్లుళ్ళు ఒకేసారి బదిలీ అయిన కాలం మరొకటి లేదు.

ఆ చలిపట్నంలో కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో ఖాజాతో కలిపి నలుగురం ఉండేవాళ్ళం. మిగతా ఇద్దరూ గుంటూరు వైపు వాళ్ళు, ఆఫీసు లేని రోజుల్లో మధ్యాహ్నం దాకా దుప్పట్లోంచి బయటికొచ్చేవారు కాదు. ఆవాలు చిటపటలాడితే చాలు ఫైర్ అలారం మొత్తుకునేది. అందుకని ఒకడు తాలింపు వేస్తుంటే ఇంకొకడు స్టూలెక్కి ఆ అలారాన్ని తువ్వాలుతో విసరాలి. అది మా ఇంటి ఆచారం. కింది ఫ్లాట్ ఆవిడ మెట్ల దగ్గర ఎదురైతే ఎంతో మర్యాదగా, తమ వంటింట్లో ఒక కిటికీ ఉందనీ, మాకూ ఉందనుకుంటున్నాననీ చెప్పేది. ఇన్ని వేల మైళ్ళు వచ్చినా పైనా కిందా ఒక ముక్కు తప్పదని నాకు నవ్వొచ్చేది. ఖాజాకి నవ్వొచ్చేది కాదు.

కొండెక్కమని సలహా ఇచ్చింది ఆఫీసులో మా పక్క బల్ల పెద్దాయన. రెండంకెలు దిద్దుకుంటూ ఈ దేశం వచ్చి కొండ ఎక్కకుండా పోతే పాపం అన్నాడు. ఏ బస్సెక్కాలో చెప్పి, పటం కూడా ఇచ్చాడు. మేం పటాన్ని మడిచి సంచిలో పెట్టుకుని మళ్ళీ తియ్యలేదు. మేం పుట్టి పెరిగిన చోట దారి తెలియకపోతే పాన్ డబ్బా దగ్గర ఆగి అడుగుతారు, పటాలు చూడరు. ముందురోజు అమ్మకి ఫోన్ చేసి కొండెక్కుతున్నానని చెప్తే ఆవిడకి ఒకటే ఆలోచన వచ్చింది. "కొండెక్కితే ఒట్టి సేతుల్తో దిగొద్దురా నానా. నాలుగు రాళ్ళెట్టి నీకూ ఒక ఇల్లు కట్టుకో. ఏ దేశం కొండైనా కొండే" అంది.

బస్సు మమ్మల్ని గొర్రెల మధ్య దించేసి పోయింది. దుకాణం లేదు, టీ లేదు, అడగడానికి మనిషి లేడు. నేను నిమ్మకాయ పులిహోర కట్టుకున్నాను, ఖాజా చపాతీల్లో గుడ్డు చుట్టి తెచ్చాడు. ఇద్దరివీ కాన్వాసు బూట్లు. మొదటి గంటలోనే అవి బురదలో ఏకమయ్యాయి. "గిదేం గుట్టన్నా, ఒక్క చెట్టు సుత లేదు. మౌలాలి గుట్ట నయం, మెట్లన్న ఉంటయ్" అని ఖాజా రొప్పుతూ అన్నాడు. ఈ గడ్డి దిబ్బని చూడ్డానికి జనం డబ్బులిచ్చి ఎందుకొస్తారో నాకూ తెలియలేదు. పైకెక్కాక తెలిసింది. కొండ వెన్ను ఒక పెద్ద జంతువు పడుకున్నట్టు కిలోమీటర్ల కొద్దీ సాగిపోయి ఉంది. ఎడమపక్క పల్లం, కుడిపక్క లోయ, మధ్యలో మేం నడవాల్సిన దారి. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఖాజా నోరు తెరిచి ఆ గాలిని గుటకలు గుటకలుగా మింగాడు. "గీ గాలి డబ్బాల నింపి పంపే తరీఖా ఉంటే మంచిగుండు" అన్నాడు. ఎవరికని నేను అడగలేదు.

ఆ దారి పొడుగునా అక్కడక్కడా రాళ్ళు గుట్టగా పేర్చి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు సింహాచలం గుర్తొచ్చి పెద్దగా నవ్వేశాను. ఎందుకని ఖాజా అడిగితే అమ్మ సంగతి చెప్పాను, ఫోన్లో ఇచ్చిన సలహాతో సహా. నేను ఎగతాళిగా చెప్పిందంతా వాడు శ్రద్ధగా విన్నాడు. ఆ గుట్టల్ని చేత్తో తడిమి చూశాడు.

"అంటే గీళ్ళలో సుత ఇండ్లు లేనోళ్ళు ఉన్నరన్నట్టు" అన్నాడు.

"ఉండరా మరి? అద్దెలు చూశావుగా" అన్నాను. ఇద్దరు చదువుకున్నవాళ్ళం, లోకం ఆగిపోకుండా కాపాడ్డానికి వచ్చినవాళ్ళం, ఒక్కరికీ ఇంకో ఆలోచన రాలేదు. చలిదేశపు కొండ మీద రాయి మీద రాయి ఉంటే అది ఇంటికోసం మొక్కే అయుంటుందని ఖాయం చేసుకున్నాం.

తినడానికి కూర్చున్నది దారి నుంచి పక్కకి చీలిన చదును జాగా. అక్కడ పలకరాళ్ళు పుష్కలంగా ఉన్నాయి. ఖాజా తినకుండానే పని మొదలుపెట్టాడు. నేను పులిహోర తింటూ మేస్త్రీని వెక్కిరించినట్టు వెక్కిరిస్తూనే ఉన్నాను. వాడు నిజంగానే కడుతున్నాడని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. ముందొకటి కట్టాడు, నడుము ఎత్తున. అమ్మకన్నాడు. దానికి కొంచెం ముందు ఇంకొకటి, చెల్లెలికన్నాడు. ఇంకొంచెం ముందు తనకొకటి. లోయ బాగా కనిపించే వైపుకి వరసగా పేర్చుకుంటూ పోయాడు.

"ఏంట్రా, లేఔట్ వేస్తున్నావా? కార్నర్ ప్లాట్ నాకుంచు" అన్నాను.

"నీకెందుకన్నా, మీకు మేడ సుత అయింది గద" అన్నాడు. చేతులు దులుపుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చపాతీ విప్పి, తినకుండా చేత్తో పట్టుకుని, కింద లోయకేసి చూస్తూ అడిగాడు. "అన్నా, ఆ మేడ మీద పోర్షన్ ఎవరికన్న ఇచ్చిండ్రా?"

అప్పుడర్థమైంది నాకు. ఆ మాట అడగడానికి వాడికి ఫ్లాట్‌లో వీలు కాలేదు, ఆఫీసులో నోరు రాలేదు. మా ఇద్దరం తప్ప మనిషి పురుగు లేని చోటు కావాల్సి వచ్చింది. ఒక అద్దె వాటా అడగడానికి వాడు కొండెక్కాడు. "లేదింకా" అన్నాను. "మా అమ్మ, చెల్లె ఇద్దరే ఉంటరన్నా. మటన్ గిట్ల వండరు, అవసరమైతే అది సుత చెప్త. గాలి కావాలె, గంతే. నువ్వు ఇబ్బంది పడకు, కుదరదంటే కుదరదను" అన్నాడు గబగబా, ముందే కుట్టుకుని పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా. "కుదరకపోవడమేంట్రా! రేపే అమ్మతో చెప్తాను" అన్నాను. వాడప్పుడు తిన్నాడు. అంత ఆకలిగా ఉన్న మనిషి అంతసేపు రాళ్ళెలా మోశాడో నాకు తెలియదు.

వాడి తిండి అవుతుండగానే మబ్బు దిగింది. మన మబ్బులకి కాస్త మర్యాదుంది, ఉరిమి చెప్పి వస్తాయి. అక్కడిది చెప్పా పెట్టకుండా వచ్చి కూర్చుంది. చూస్తుండగానే లోయ పోయింది, దారి పోయింది, నా పక్కనున్న ఖాజా ఉన్నిటోపీ ఒక్కటే మిగిలింది. కదలకుండా ఉండిపోయాం. కాసేపటికి మాటలు వినిపించాయి. మబ్బులోంచి ఒక ముసలి జంట, ముందు ఆవిడ, వెనక ఆయన, చాలా ధైర్యంగా నడుచుకుంటూ మా పక్కనుంచే ముందుకెళ్ళారు. ఆవిడ ఖాజా వాళ్ళమ్మ ఇంటి మీద చెయ్యి వేసి నిలబడి, ముందున్న చెల్లెలి ఇంటిని చూసుకుని, తలాడించి, అటు నడిచింది. అక్కణ్ణుంచి మూడోదానికేసి. మూడోది దాటితే నేల లేదు.

"ఆగమ్మా! ఆగు!" అని ఖాజా అరిచాడు. అరవడం తెలుగులోనే అరిచాడు, అరుస్తూనే పరిగెత్తి ఆవిడ సంచి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆవిడ వాడి మీద పడింది, వాడు రాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ కాలు తగిలి దొర్లిన రాయి ఒకటి కిందికి పోయింది. అది నేల తాకిన చప్పుడు కోసం నలుగురం చెవులొగ్గి విన్నాం, చాలాసేపటికి గానీ వినిపించలేదు.

ముసలాయన ముందు భార్యని తడిమి చూసుకున్నాడు. తర్వాత ఆ రాళ్ళ వరసని చూశాడు. ఎవరు పేర్చారని అడిగాడు. నేనేనన్నాడు ఖాజా, నేను నోరు తెరిచేలోపే. ఆయన మొహం ఎర్రబడిపోయింది. ఆ కుప్పలు దారి గుర్తులనీ, మబ్బు దిగినప్పుడు మనుషులు వాటి మీద ప్రాణాలు పెట్టి నడుస్తారనీ, తప్పుడు చోట ఒక్కటి పేర్చినా అది మనిషిని చంపడమేననీ ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. చెప్తూనే మొదటి ఇంటిని బూటుతో తన్నాడు. ఖాజా వాళ్ళమ్మ ఇల్లు పడిపోయింది. చెల్లెలి ఇల్లు పడిపోయింది. మూడోదాని దగ్గర ఆగి, అసలు ఎందుకు పేర్చావని అడిగాడు. ఖాజా ఇంగ్లీషులో, మా అమ్మకి ఇల్లు కావాలండీ, మా దగ్గర ఇలా కడితే వస్తుందంటారు అని చెప్పాడు. అంత పిచ్చి మాటని అంత సూటిగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ముసలాయన బూటు వెనక్కి తీసుకున్నాడు. అది మాత్రం తన్నలేదు. నువ్వే తియ్యి, చేత్తో తియ్యి అన్నాడు. ఖాజా మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క రాయీ తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఆయన దిక్సూచి తీసి మమ్మల్ని ముందు పెట్టుకుని దింపాడు. మబ్బు కింద మళ్ళీ లోకం కనిపించిన చోట వాళ్ళావిడ ఫ్లాస్కులోంచి టీ పోసి మొదట ఖాజాకే ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న ఫోన్ కార్డు గీకి ఇంటికి చేశాను. ఖాజా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు, మధ్య తలుపు తీసే ఉంది. అమ్మకి వాడి పేరు ముందే తెలుసు. నేను పంపిన ఫొటోల్లో చూసి, బుద్ధిమంతుడిలా ఉన్నాడని మెచ్చుకుంది కూడా. వాళ్ళమ్మ ఆయాసం గురించి, దూది గురించి, డాక్టరు మాట గురించి అన్నీ చెప్పి, మేడ వాళ్ళకి ఇద్దామన్నాను.

"మంచోడే గానీ... ఆళ్ళు ఒండుకునే ఒంటలు ఏరు గదరా. ఆ వాసనలూ అయీ. నాకు పడదు" అంది.

"అమ్మా, రాంగోపాల్‌పేట్ మర్చిపోయావా? నెత్తళ్ళు, తలుపు కింద తడిగుడ్డ?"

"ఎందుకు మర్సిపోతాను? అందుకే గదా అంతన్నాను. ముప్పయ్యేళ్ళు ఒకలి ముక్కుకి బయపడి బతికినాను. ఇప్పుడు నా ఇల్లు, నా ముక్కు" అంది అమ్మ.

నాకు ఆ మాట ఈనాటికీ మింగుడుపడదు. దెబ్బతిన్న మనిషికి దెబ్బంటే ఏంటో తెలుస్తుందని నేను అమాయకంగా నమ్మాను. అమ్మకి తెలిసింది కర్ర ఎటువైపు పట్టుకోవాలో. నాన్న ఫోన్ తీసుకుని చుట్టుపక్కలవాళ్ళేమనుకుంటారో అని నసిగాడు. ఆ చుట్టుపక్కల అప్పటికి రెండే ఇళ్ళున్నాయి, ఒకదానికి ఇంకా తలుపులు లేవు. నేను అరిచాను, పెట్టేశాను, మళ్ళీ చేశాను, నా జీతంతో లేచిన మేడని కూడా గుర్తుచేశాను. "అయితే నువ్వొచ్చి ఉండు" అంది అమ్మ. నేను వంటింట్లోకి వెళ్ళినా ఖాజా ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, అవి ఉల్లిపాయల కన్నీళ్ళే అనుకోవాలి. వాడే అన్నాడు. "నిన్నటి ముసలాయన నయం అన్నా. ఎందుకు కూల్చిండో చెప్పి కూల్చిండు."

మేడ మీదికి అమ్మ తనే ఏరి ఒక కుటుంబాన్ని తెచ్చుకుంది. పొడుగు బొట్లు, పూజలు, ఉల్లిపాయ కూడా ముట్టనివాళ్ళు. వాళ్ళు దిగిన వారానికే ఆ పై ఇంటావిడ మెట్ల మీద నిలబడి గాలి పీల్చి, కింద ఏమైనా మాడుతోందా అని అడిగిందట. అమ్మ తన సొంత ఇంట్లో, తన సొంత పొయ్యి మీద, మేడ మీద వాళ్ళు లేని పూట చూసుకుని నెత్తళ్ళు వేయించుకునే స్థితికి వచ్చింది. నాన్న ఫోన్లో చెప్తే కడుపారా నవ్వాను. ఇప్పటివాళ్ళు ఇంత శ్రమ పడక్కర్లేదు. అల్లుణ్ణి బదిలీ చేయించక్కర్లేదు, మొహం పక్కకి తిప్పుకోనక్కర్లేదు. ఫోన్లో అద్దె ప్రకటన కింద 'వెజ్ ఓన్లీ' అన్న గడి నొక్కితే చాలు, అక్కర్లేని మనుషులు అసలు కనిపించరు. మా రోజుల్లో అబద్ధమాడ్డానికైనా సిగ్గు కావాల్సి వచ్చేది, దానివల్ల వంకలైనా పుట్టేవి. ఖాజా తర్వాత ఆ దేశంలోనే ఉండిపోయి ఆ కొండలకి దగ్గర్లో ఇల్లు కొన్నాడు. పెరట్లోంచి లోయ కనిపిస్తుంది. అది వాళ్ళమ్మ చూడలేదు. ఆ దూది గదిలోనే ఆవిడ పోయింది.

ఆవిణ్ణి నేను చివరిసారి చూసింది ప్రాజెక్టు ముగిసి తిరిగొచ్చిన వారంలో. ఖాజా ఇచ్చిన శాలువా, మందులూ పట్టుకుని మోండా మార్కెట్ వెనక సందుకి వెళ్ళాను. ఆవిడ మంచానికి ఆనుకుని కూర్చుని సూది పని చేస్తోంది. ప్రతి రెండు కుట్లకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. నన్ను చూసి మొహం ఇంత చేసుకుంది. "మంచిగున్నవా బిడ్డా? మా పోరడు అంత చెప్పిండు. మీ మేడ మీద గాలి మస్తొస్తదంట గద! ఎవరో కిరాయికుండబట్టె కుదరలేదన్నడు. ఆళ్ళు ఖాళీ చేస్తే జెర చెప్పు. మాకేం తొందర లేదు" అంది. ఆ కిరాయివాళ్ళు అంతకు నాలుగు రోజుల ముందే, నెత్తళ్ళ వాసన భరించలేక ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఖాజా మా పరువు కాపాడ్డానికి కన్నతల్లితో అబద్ధమాడాడు. శాలువా, మందులూ ఆవిడ పక్కన పెట్టేశాను. లేచి వస్తుంటే ఆవిడ మూలనున్న కొత్త పరుపు చూపించి, మీ అమ్మ కోసమే కుట్టిన, రేపు ఒక్క ఇంట్ల ఉండేటోళ్ళం గద అని ఆటోలోకి ఎక్కించింది.

ఇంటికి తెచ్చి వరండాలో దింపాను. ఎవరు కుట్టారో, ఎందుకు కుట్టారో అంతా చెప్పాను. ఆయాసం సంగతి మళ్ళీ చెప్పాను. మేడ ఖాళీగా ఉంది, పైన కిటికీ రెక్కలు గాలికి కొట్టుకుంటున్నాయి. అమ్మ పరుపు అంచులు పట్టి చూసింది, అరచేత్తో నొక్కి చూసింది, కూర్చుని చూసింది. మంచి దూదంది, చెయ్యి తిరిగిన కుట్టంది. ఇన్నాళ్ళూ నేను ఫోన్లో అరిచిన అరుపులు ఆవిడ మర్చిపోయిందో, లేక ఆ మాటలూ ఈ మేడా ఆవిడ మనసులో ఏనాడూ కలవనే లేదో నాకు తెలియదు. ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"అయ్యో పాపం, అంత ఆయాసంతోటి కుట్టిందేట్రా!" అంది అమ్మ. "కొడుకు అంత సంపాదిస్తన్నాడు గదా, ఆ తల్లిని కాస్త గాలొచ్చే సోటికి మార్చకూడదేటి?"